చిప్ ఒకటే, వేగం వేరు: ఖరీదైన ల్యాప్‌టాప్ సత్తాను, తేలికదనాన్ని బేరీజు వేయడం ఎలా?

క్లుప్తంగా: పలుచని ల్యాప్‌టాప్ ఎంత వేగంగా పనిచేస్తుందన్నది చిప్ పేరు కంటే, ఆ యంత్రం ఆగకుండా బయటికి పంపగల వేడి మీద ఎక్కువగా ఆధారపడుతుంది. వేగ పరీక్షలో మొదటి నిమిషం స్కోరు కంటే పదిహేనో నిమిషం స్కోరు నమ్మదగినది. అదే పరీక్ష ఛార్జర్ తీసేసి మళ్లీ చేయాలి. బరువును అడాప్టర్‌తో కలిపి తూచాలి. ర్యామ్ కొన్న రోజు ఎంత ఉంటే చివరిదాకా అంతే. మన మే నెల ఎండ విదేశీ సమీక్షల్లో కనిపించదు.

షోరూమ్‌లో లక్ష, లక్షన్నర పలికే ల్యాప్‌టాప్‌ల వరుసలో ఒకే ప్రాసెసర్ పేరు నాలుగైదు మోడళ్ల స్టిక్కర్ల మీద కనిపిస్తుంది. వాటిలో ఒకటి కిలో బరువుంటే మరొకటి రెండు కిలోలు. ‘రెండింట్లోనూ అదే చిప్ సార్’ అంటాడు సేల్స్‌మన్. అబద్ధమేమీ కాదు. కానీ రెండింట్లోనూ అరగంట పట్టే వీడియో ఎక్స్‌పోర్ట్ పెడితే ఒకటి ముందు ముగిస్తుంది, రెండోది వెనకబడుతుంది.

కొనేవారి గందరగోళం ఈమధ్య ఇంకా పెరిగింది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ ఉచిత మద్దతు ముగియడంతో పాత యంత్రాలు మార్చేవారు ఎక్కువయ్యారు. అదే సమయంలో ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల మెమరీ చిప్‌ల ధరలు ఎగబాకాయి. వినియోగదారులకు నేరుగా ర్యామ్, ఎస్‌ఎస్‌డీలు అమ్మే తన క్రూషియల్ వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు మైక్రాన్ 2025 డిసెంబరులో ప్రకటించింది కూడా. ధర పెరిగే కొద్దీ తప్పు ఎంపికకు కట్టే జరిమానా కూడా పెరుగుతుంది.

## పేరు చివరి అక్షరంలో అసలు కథ

ఇంటెల్ కోర్ అల్ట్రా 7 శ్రేణిలో 255యు, 255హెచ్, 258వి అని మూడు చిప్‌లున్నాయి. వినడానికి అన్నదమ్ముల్లా ఉన్నా లోపలి నిర్మాణం వేర్వేరు. 255హెచ్‌లో 16 కోర్లు (పని పంచుకునే భాగాలు), 255యులో 12, 258విలో 8. పెద్ద అంకె ఉన్న 258విలోనే అన్నిటికంటే తక్కువ కోర్లు. అయినా బ్యాటరీ మీద ఎక్కువసేపు నడిచేది అదే. పైగా ఏఐ సౌకర్యాలున్న విండోస్ యంత్రాలకు మైక్రోసాఫ్ట్ ఇచ్చే కోపైలట్ ప్లస్ ముద్ర రావాలంటే, ఏఐ పనులు చేసే ఎన్‌పీయూ అనే భాగం కనీసం 40 టాప్స్ (సెకనుకు 40 లక్షల కోట్ల లెక్కలు) ఇవ్వాలి. 258వి 47 ఇస్తుంది. కోర్లు రెట్టింపు ఉన్న 255హెచ్ 13 దగ్గరే ఆగిపోతుంది. ఆ ముద్ర లేనంత మాత్రాన అది తక్కువ యంత్రం కాదు. కోడ్ కంపైల్ చేయడానికీ, వీడియో రెండర్ చేయడానికీ 255హెచ్‌దే పైచేయి.

గ్రాఫిక్స్ చిప్ దగ్గర పేరు ఇంకా ఎక్కువ దాస్తుంది. ల్యాప్‌టాప్‌లోని ఆర్‌టీఎక్స్ 4070ని 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా ఎక్కడైనా నడుపుకోవచ్చని ఎన్విడియా తయారీదారులకు వెసులుబాటు ఇచ్చింది. ఆసుస్ 2024 జెఫిరస్ జీ14లో దాన్ని గరిష్ఠంగా 90 వాట్లకు పరిమితం చేసింది. ఒకటిన్నర కిలోల యంత్రానికి అది ఎక్కువే. అంతకంటే పలుచని యంత్రాల్లో సగానికి సగం తగ్గించి పెట్టినా స్టిక్కర్ మీద పేరు మారదు. డెస్క్‌టాప్ 4070లో 12 జీబీ గ్రాఫిక్స్ మెమరీ ఉంటే, ల్యాప్‌టాప్ 4070లో 8 జీబీనే. కాబట్టి స్పెసిఫికేషన్ పట్టికలో ‘టీజీపీ’ (గ్రాఫిక్స్ చిప్‌కు అందే గరిష్ఠ విద్యుత్తు) అని రాసిన వాట్ల సంఖ్యను వెతకాలి. అది దాచిన కంపెనీ సరుకు విషయంలో కాస్త అనుమానంగానే ఉండాలి.

## వేడి లెక్క

చిప్‌లోకి వెళ్లే ప్రతి వాటూ చివరికి వేడిగా బయటికి రావాల్సిందే. మొదటి ఒకటి రెండు నిమిషాలు ఆ వేడిని రాగి గొట్టాలు, అల్యూమినియం ఒళ్లు తమలో ఇముడ్చుకుంటాయి. ఖాళీ చెరువుకు ఎంత వరద వచ్చినా పడుతుంది, నిండాక తూము ఎంత వదిలితే అంతే లోపలికి రానివ్వాలి. ల్యాప్‌టాప్‌లో ఆ తూము ఫ్యాను, దాని ముందున్న సన్నని రేకులు. పైన చెప్పిన 255హెచ్‌కు ఇంటెల్ ఇచ్చిన మూల పరిమితి 28 వాట్లు, కొద్దిసేపటి గరిష్ఠం 115 వాట్లు. ఈ రెండిటి మధ్య ఎంతసేపు, ఎక్కడ నిలపాలన్నది ల్యాప్‌టాప్ కంపెనీ ఇష్టం. రెండు ఫ్యాన్లున్న మందపాటి యంత్రం 45 వాట్ల దగ్గర గంటలకొద్దీ నిలబడగలదు. కిలో బరువున్నది 20 వాట్లకు జారిపోవచ్చు.

అంతమాత్రాన లావుపాటి యంత్రం రెండింతలు వేగంగా ఉంటుందనుకోకూడదు. చిప్ ఫ్రీక్వెన్సీ పెంచాలంటే వోల్టేజీ కూడా పెంచాలి. ఖర్చయ్యే విద్యుత్తు వోల్టేజీ వర్గాన్ని బట్టి, దానిపైన ఫ్రీక్వెన్సీని బట్టి పెరుగుతుంది. ఉజ్జాయింపుగా వేగం ఘనానికి తగ్గట్టు వాట్లు పెరుగుతాయి. అంటే వాట్లు రెట్టింపు చేసినా దక్కే వేగం పావు వంతే ఎక్కువ. తేలికపాటి యంత్రాలు ఇంతగా నిలదొక్కుకోవడానికి కారణం ఇదే: సగం కరెంటుతో ముప్పాతిక పైగా పని అవుతుంది. బరువైన యంత్రం కొనేవారు ఆ మిగిలిన పావు వంతు కోసమే మరో అరకిలో, ఫ్యాన్ మోత, పెద్ద అడాప్టర్ భరిస్తున్నారు.

దీన్ని శుభ్రంగా చూపించే జత ఆపిల్ దగ్గరుంది. ఎం4 చిప్ మ్యాక్‌బుక్ ఎయిర్‌లోనూ, 14 అంగుళాల మ్యాక్‌బుక్ ప్రోలోనూ ఉంది. ఎయిర్ 1.24 కిలోలు, అందులో ఫ్యానే లేదు. ప్రో 1.55 కిలోలు, ఫ్యాన్ ఉంది. బ్రౌజర్‌లో ముప్పై ట్యాబ్‌లు, ఎక్సెల్, కోడ్ ఎడిటర్, ఫొటోలు సరిదిద్దడం లాంటి వాటిలో రెండిటినీ విడదీసి చెప్పడం కష్టం, ఎందుకంటే అవన్నీ సెకన్లలో ముగిసే చిన్న చిన్న తాకిడులు. పది నిమిషాలు దాటిన 4కే ఎక్స్‌పోర్ట్‌లో మాత్రం ఎయిర్ తన వేగాన్ని తనే తగ్గించుకుంటుంది. మధ్యనున్న 310 గ్రాముల్లో ఫ్యానుతో పాటు పెద్ద బ్యాటరీ, మెరుగైన తెర కూడా ఉన్నాయి. పెళ్లి వీడియోలు కట్ చేసేవారికి ఆ గ్రాములు అవసరం. బ్యాంకు ఉద్యోగికి, లెక్చరర్‌కు, ఎక్కువమంది ప్రోగ్రామర్లకు అక్కర్లేదు.

## సమీక్షల్లో కనిపించని మే నెల

మ్యాక్‌బుక్‌లను 10 నుంచి 35 డిగ్రీల సెల్సియస్ మధ్య వాడాలని ఆపిల్ తన స్పెసిఫికేషన్లలో రాస్తుంది. ఇతర కంపెనీల పరిమితులూ ఎక్కువగా ఆ 35 దగ్గరే ఉంటాయి. రామగుండం, విజయవాడల్లో వేసవి మధ్యాహ్నం బయట 42 దాటినప్పుడు, ఏసీ లేని గది 36, 38 దగ్గరుండటం మామూలే. సమీక్షకులు మాత్రం ఇరవై రెండు, ఇరవై మూడు డిగ్రీల గదుల్లో కొలుస్తారు.

ఈ తేడా ఎంత పని చెడగొడుతుందో లెక్క వేయవచ్చు. చిప్ 100 డిగ్రీలు దాటకూడదు అనుకుందాం. 22 డిగ్రీల గదిలో వేడి బయటికి తోసే ‘జాగా’ 78 డిగ్రీలు. 38 డిగ్రీల గదిలో 62. అంటే 28 వాట్లు నిలబెట్టిన యంత్రం సుమారు 22కు పడిపోతుంది. ఘన సూత్రం ప్రకారం వేగం ఏడెనిమిది శాతమే తగ్గుతుంది కాబట్టి ఫ్యాన్ ఉన్న యంత్రంలో ఇది పెద్ద నష్టం కాదు.

ఫ్యాన్ లేని యంత్రాల్లో చిప్ కంటే ముందు ఒళ్లే అడ్డుపడుతుంది. చేతికి, తొడకు తగిలే లోహం మరీ కాలకూడదు కాబట్టి కంపెనీలు ఆ వేడికి హద్దు పెడతాయి. ఆ హద్దు 46 డిగ్రీలు అనుకుంటే, 22 డిగ్రీల గదిలో 24 డిగ్రీల జాగా ఉంటుంది. 38లో మిగిలేది 8. మూడో వంతే! వేగం ముప్పై శాతం దాకా పడిపోయే పరిస్థితి ఇది. ఏసీ గదిలో పనిచేసేవారికి ఈ లెక్క వర్తించదు. ఏసీ లేకుండా గంటల తరబడి బరువైన పనులు పెట్టేవారు ఫ్యాన్ లేని యంత్రం జోలికి వెళ్లకపోవడమే మేలు.

గాలి లోపలికి పీల్చుకునే రంధ్రాలు చాలా ల్యాప్‌టాప్‌లకు అడుగున ఉంటాయి. పరుపు మీద, ఒళ్లో దిండు మీద పెడితే ఆ రంధ్రాలు మూసుకుపోతాయి. ఎఫ్ కీల వరస పైన ఉన్న పట్టీని వేలితో తాకితే, యంత్రం వేడెక్కుతున్న సంగతి మొదట తెలిసేది అక్కడే. వేడి గాలి హింజ్ సందులోంచి తెర అడుగు అంచు మీదికి కొట్టే డిజైన్లు కూడా ఉన్నాయి. మూత మూసి, బాహ్య మానిటర్‌తో వాడేవారు ఆ సందు మూసుకుపోకుండా చూసుకోవాలి.

## ఇంట్లో చేయగలిగిన పరీక్ష

కొన్న యంత్రాన్ని వాపసు ఇచ్చే గడువు చాలా దుకాణాల్లో వారం, పది రోజులే. సీల్ విప్పాక తీసుకోని చోట్లూ ఉన్నాయి కనుక ఆ షరతు ముందే అడగాలి. మొదటి రోజు అప్‌డేట్లు, ఫైళ్ల ఇండెక్సింగ్ వెనకాల నడుస్తుంటాయి, ఆ రోజు కొలతలు లెక్కలోకి రావు. రెండో రోజు మొదలుపెట్టాలి.

ముందు గది ఉష్ణోగ్రత రాసుకోవాలి. విండోస్‌లో హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ తెరిచి ‘సీపీయూ ప్యాకేజ్ పవర్’ వరసను కనబడేలా పెట్టాలి. ప్రాసెసర్ వేగాన్ని కొలిచే సినీబెంచ్ 2024లో మల్టీ కోర్ పరీక్షను వరుసగా మూడుసార్లు నడపాలి. ఒక్కోటి మామూలుగానే పది నిమిషాలు తీసుకునేలా అమర్చి ఉంటుంది. మొదటి నిమిషంలో కనిపించిన వాట్లు, చివర నిలకడగా నిలిచిన వాట్లు పక్కపక్కన రాసుకోవాలి. మొదటి, మూడో స్కోర్ల మధ్య తేడా అయిదు శాతం లోపుంటే చల్లబరిచే వ్యవస్థ గట్టిది. ఇరవై శాతం దాటితే ఆ చిప్‌కు ఆ ఒళ్లు చాలలేదని అర్థం. అలాంటిదే అయిన గీక్‌బెంచ్ స్కోరు దీనికి పనికిరాదు, దాని పరీక్షలు మరీ చిన్నవి. గ్రాఫిక్స్ చిప్ ఉంటే త్రీడీమార్క్ స్ట్రెస్ టెస్ట్ పెట్టాలి. అది ఒకే దృశ్యాన్ని 20 సార్లు తిప్పి, ఫ్రేమ్ రేట్ నిలకడ 97 శాతం ఉంటేనే పాస్ అంటుంది.

ఇప్పుడు ఛార్జర్ పీకేసి అదే సినీబెంచ్ మళ్లీ నడపాలి. చాలామంది వదిలేసే మెట్టు ఇది. గోడ సాకెట్ మీద ఉన్నప్పుడు 45 వాట్లు లాగే విండోస్ యంత్రాలు కొన్ని బ్యాటరీ మీద సగానికి పడిపోతాయి. విడిగా గ్రాఫిక్స్ చిప్ ఉన్న వాటిలో అది తప్పదు. ఒక సగటు బ్యాటరీ ప్యాక్ సురక్షితంగా ఇవ్వగల కరెంటుకు ఓ హద్దుంది మరి. మ్యాక్‌లలో, ఇంటెల్ వి శ్రేణిలో, క్వాల్‌కామ్ వారి స్నాప్‌డ్రాగన్ ఎక్స్ చిప్ ఉన్న యంత్రాల్లో ఈ పతనం తక్కువగా ఉంటుంది. రోజంతా సాకెట్ దగ్గరే ఉండేవారికి ఇది పట్టదు. రైల్లో, ఎయిర్‌పోర్టులో పని చేసుకునేవారికి అసలు వేగం ఇదే.

## బ్యాటరీ: ప్రకటన వెనక భాగహారం

బ్యాటరీ సామర్థ్యాన్ని వాట్-అవర్లలో రాస్తారు. దాన్ని యంత్రం సగటున తాగే వాట్లతో భాగిస్తే గంటలు వస్తాయి. 13 అంగుళాల ఎం4 ఎయిర్ బ్యాటరీ 53.8 వాట్-అవర్లు. ఆపిల్ వీడియో చూస్తే 18 గంటలు, వై-ఫైలో వెబ్ చూస్తే 15 గంటలు అంటుంది. అంటే మొదటి పనికి గంటకు సుమారు 3 వాట్-అవర్లు, రెండో దానికి 3.6. తెర కాంతి పెంచి, జూమ్ కాల్ పెట్టి, వెనకాల ప్రోగ్రామర్లు వాడే డాకర్ లాంటిది నడిపితే వినియోగం 9, 10 వాట్లకు చేరడం సులువు. అప్పుడు అదే బ్యాటరీ అయిదారు గంటలకే వస్తుంది. ప్రకటన అబద్ధం కాదు, దాని షరతులు వేరు.

ప్రతి చుక్కా తనే వెలిగే ఓలెడ్ తెరలో నల్లటి భాగం దాదాపు కరెంటు తినదు. తెల్లటి పేజీ బాగా తింటుంది. సినిమాలు చూస్తే ఎక్కువ గంటలు, వర్డ్ పత్రాలు రాస్తే తక్కువ గంటలు రావడానికి అదే కారణం. రోజంతా తెల్ల పేజీల మీద పనిచేసేవారికి వెనక నుంచి దీపం వెలిగే మామూలు ఐపీఎస్ తెర, తక్కువ రిజల్యూషన్‌తో, గంటల లెక్కన లాభం.

పెద్ద బ్యాటరీ పెట్టడానికీ ఓ పైకప్పు ఉంది. విమానంలో 100 వాట్-అవర్లు దాటితే ఎయిర్‌లైన్ అనుమతి కావాలి, 160 దాటితే ప్రయాణికుడి వెంట అసలు తీసుకెళ్లనివ్వరు. 16 అంగుళాల మ్యాక్‌బుక్ ప్రోతో సహా చాలా పెద్ద ల్యాప్‌టాప్‌లు 99 చిల్లర దగ్గర ఆగిపోవడం అందుకే.

సంచిలో మూత మూసి పెట్టినప్పుడు ఏం జరుగుతుందన్నది వేరే పరీక్ష. కొత్త విండోస్ యంత్రాలు నిద్రలో కూడా నెట్‌తో సంబంధం ఉంచుకునే ‘మోడర్న్ స్టాండ్‌బై’లో ఉంటాయి. ఏదో ప్రోగ్రామ్ మధ్యలో లేపితే సంచిలోనే వేడెక్కి బ్యాటరీ తాగేస్తాయి. రాత్రి నిండా ఛార్జ్ చేసి, తీగ తీసి, మూత మూసి, ఎనిమిది గంటల తర్వాత శాతం చూడాలి. రెండు మూడు శాతం తగ్గితే సరే. పది దాటితే విండోస్ ఇచ్చే ‘స్లీప్ స్టడీ’ రిపోర్టులో దోషి పేరు దొరుకుతుంది. అది దొరికేదాకా ప్రయాణాల్లో హైబర్నేట్ (పనిని డిస్క్‌లో దాచి యంత్రాన్ని పూర్తిగా ఆపేయడం) వాడటం నయం. డిస్‌ప్లేకు పెట్టిన యంత్రమో, డబ్బా విప్పిన యంత్రమో కొంటే విండోస్‌లోని పవర్‌సీఎఫ్‌జీ కమాండ్ ఇచ్చే బ్యాటరీ రిపోర్టులో డిజైన్ కెపాసిటీకి, ఫుల్ ఛార్జ్ కెపాసిటీకి మధ్య తేడా చూడాలి. కొత్తదాంట్లో అవి దాదాపు సమానంగా ఉండాలి.

## సంచి బరువు

ప్రకటనలో ఉండేది యంత్రం బరువు మాత్రమే. భుజం మోసేది అడాప్టర్, మూడు పిన్నుల తీగ, డాంగిల్‌తో కలిపి. టైప్-సి మీద పనిచేసే 65 వాట్ల చిన్న అడాప్టర్ వంద, నూటయాభై గ్రాముల్లో దొరుకుతుంది. గ్రాఫిక్స్ చిప్ ఉన్న యంత్రాలతో వచ్చే 180 – 240 వాట్ల అడాప్టర్లు తీగలతో కలిపి అరకిలో నుంచి ముప్పావు కిలో దాకా తూగుతాయి. అప్పుడు ఒకటిన్నర కిలోల యంత్రం నిజానికి రెండు కిలోలు. అలాంటివి టైప్-సి ద్వారా 100 వాట్లు తీసుకుంటాయో లేదో చూసుకుంటే, ఆఫీసు పని ఉన్న రోజు చిన్న అడాప్టర్‌తో సరిపోతుంది. పెద్ద అడాప్టర్ ఇంట్లో ఉండిపోవచ్చు.

మిల్లీమీటర్ల మందం గురించి జరిగే ప్రచారానికి అంత విలువ లేదు. సంచిలో 12 మిల్లీమీటర్లకు, 16కు తేడా తెలియదు. బస్సు సీటులో, విమానం ట్రేమీద తెలిసేది లోతు, అంటే ముందు అంచు నుంచి హింజ్ దాకా ఉన్న కొలత. 14 అంగుళాల యంత్రాల్లో అది సుమారు 21, 22 సెంటీమీటర్లు. ముందు సీటువాళ్లు వెనక్కి వాల్చినా తెర తెరుచుకుంటుంది. 16 అంగుళాలదానికి అది కష్టం. కిటికీ పక్కన చదవాలంటే 400 నిట్స్ పైన కాంతి, మెరవని పూత కావాలి.

కిలో లోపు యంత్రాలు ఇప్పుడు వింత కాదు. లెనోవో ఎక్స్1 కార్బన్ 13వ తరం 986 గ్రాముల నుంచి మొదలవుతుంది. అయితే ఆ ‘నుంచి’ అన్న మాట చూసుకోవాలి. టచ్ తెర, పెద్ద బ్యాటరీ ఎంచుకుంటే అంకె పెరుగుతుంది. మూలన రెండు వేళ్లతో పట్టి ఎత్తినప్పుడు కీబోర్డు ప్లేటు కిర్రుమంటే, మెలి తిరిగితే ఆ గ్రాములు గట్టితనంలోంచి తీసినవే.

## మళ్లీ మార్చలేనివి

పలుచని యంత్రాల్లో ర్యామ్ బోర్డుకే అతికి ఉంటుంది. ఇంటెల్ వి శ్రేణిలో అయితే ప్రాసెసర్ ప్యాకేజీలోనే ఉంటుంది, 16 లేదా 32 జీబీ, అంతకు మించి లేదు. నాలుగైదేళ్లు వాడాలనుకునేవారికి 16 జీబీ కనీసం. వర్చువల్ మెషిన్లు, ఆండ్రాయిడ్ స్టూడియో, స్థానికంగా ఏఐ మోడళ్లు నడిపేవారికి 32. విప్పి మార్చుకునే ఎల్‌పీక్యామ్2 పద్ధతి 2024లో థింక్‌ప్యాడ్ పీ1లో వచ్చినా ఇంకా అరుదే.

ఎస్‌ఎస్‌డీలోనూ తక్కువ సామర్థ్యం అంటే తక్కువ వేగం కావచ్చు. 2022 నాటి ఎం2 ఎయిర్ 256 జీబీ మోడల్‌లో రెండు మెమరీ చిప్‌ల బదులు ఒక్కటే పెట్టడంతో, చదివే వేగం అంతకుముందు ఎం1తో పోలిస్తే దాదాపు సగానికి పడింది. తర్వాతి ఎం3లో ఆపిల్ మళ్లీ రెండు పెట్టింది.

స్నాప్‌డ్రాగన్ విండోస్ యంత్రాల్లో ఉండేది ఇంటెల్ తరహా చిప్ కాదు, ఆర్మ్ తరహాది. అందుకే ఇంటెల్ కోసం రాసిన సాధారణ ప్రోగ్రామ్‌లు అనువాద పొర మీద నడుస్తాయి, డ్రైవర్లు నడవవు. పాత ప్రింటర్, స్కానర్, ఆడిటర్లు వాడే డిజిటల్ సంతకం టోకెన్ వంటి వాటికి ఆర్మ్ డ్రైవర్ విడిగా ఉండాలి. అను స్క్రిప్ట్ మేనేజర్‌తో పేజీలు కట్టే తెలుగు డీటీపీ వాళ్లు కూడా డబ్బు కట్టకముందే ఆ యంత్రం మీద ఓ పేజీ టైప్ చేసి చూడాలి.

అమెరికాలో ఉన్న పిల్లలతోనో బంధువులతోనో తెప్పించుకునేవారు మన దగ్గర ఎక్కువ. 18 ఏళ్లు నిండిన ప్రయాణికుడు ఒక ల్యాప్‌టాప్‌ను సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. అక్కడి ధరలో సేల్స్ ట్యాక్స్ కలిపి ఉండదు, ఇక్కడి ధరలో 18 శాతం జీఎస్టీ కలిసే ఉంటుంది. పోల్చేటప్పుడు అది సరిచూసుకోవాలి. వారంటీ ఇండియాలో చెల్లుతుందా, చెల్లితే ఇంటికొచ్చి చేస్తారా లేక సర్వీస్ సెంటర్‌కే పట్టుకెళ్లాలా అన్నది బ్రాండ్‌ను బట్టే కాదు, మోడల్‌ను బట్టి కూడా మారుతుంది. సీరియల్ నంబర్‌తో కంపెనీ సైట్‌లో చూస్తే తెలుస్తుంది. మదర్‌బోర్డు పోతే ర్యామ్ కూడా దాంతోనే పోయే యంత్రాల్లో ఇది వందల డాలర్ల ఆదా కంటే పెద్ద విషయం.